గొట్టములో నలుసు



మోటారుబండి చరిత్రను చెప్పువారు సాధారణముగ దాని వేగమును గూర్చియు, బలమును గూర్చియు, దానిని కనిపెట్టిన మహనీయులను గూర్చియు చెప్పుదురు. నేను అంతకంటె చిన్న విషయమును ఎన్నుకొంటిని. చక్కగా నడుచుచున్న బండి నడిదారిలో ఏల ఆగిపోవును? ఆగిన బండిని దానిని నడుపువాడే, మరియొకరి సహాయము లేక, పూర్వము ఏ విధముగ మరల కదలించుకొనెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటలో మోటారు చరిత్రలోని ఒక ముఖ్యభాగము దానంతట అదియే బయటపడును.

మీలో పలువురి ఇండ్ల చావళ్ళలో పాత ట్రాక్టరో, జీపో, మోటారుసైకిలో ఉండవచ్చును. అట్టి పాతబండి ఆగినప్పుడు మొదట చూడవలసినవి రెండు. పెట్రోలు బండియైనచో ప్లగ్గువద్ద నిప్పురవ్వ పుట్టుచున్నదా అనునది ఒకటి. ఇంధనము యంత్రమునకు అందుచున్నదా అనునది రెండవది. డీజిలు బండికి ప్లగ్గు రవ్వతో పనిలేదు గావున ఇంధనము అందుటయే మొదటి ప్రశ్న. నేను చెప్పబోవునది ఈ ఇంధనమును గూర్చియే.

ఇంధనపు బాటను తెలిసికొనుటకు మీకు క్రొత్త శాస్త్రమేమియు అక్కరలేదు. చెరువునుండి మడికి నీరు వచ్చు విధము మీకు తెలియును గదా! చెరువు, తూము, కాలువ, పిల్లకాలువ, మడి. ఆయకట్టు చివరి మడికి నీరు అందనిచో అనుభవశాలియైన నీరటికాడు మడిని త్రవ్వడు. తూమువద్దనుండి బయలుదేరి కాలువగట్టు వెంబడి నడచుచు, ఎచ్చటివరకు నీరు వచ్చినది, ఎచ్చట ఆగినది అని చూచును. పూడికయో, గండియో, ఎవడైన అడ్డువేసిన మట్టియో కనబడును. బండిలో ట్యాంకు చెరువు, కుళాయి తూము, రాగిగొట్టము కాలువ, యంత్రపు సిలిండరు మడి. దోషమును వెదకు విధము కూడ అదియే.

ఇక చరిత్రకు వచ్చెదను. జర్మనీ దేశమున మ్యాన్‌హైము నగరమందు కార్ల్ బెంజ్ అను యంత్రశిల్పి ఉండెను. ఆయన తన మూడుచక్రముల మోటారుబండికి 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన పేటెంటు హక్కునకు దరఖాస్తు చేసెను. బండి నడిచినది, కాని కొనువారు రాలేదు. గుఱ్ఱము లేని బండిని జనులు వింతగ చూచిరేగాని నమ్మలేదు. ఆయన భార్య పేరు బెర్తా. వివాహమునకు పూర్వమే తనకు రావలసిన స్త్రీధనములో కొంత ముందుగా తెప్పించి ఆయన వ్యాపారమున పెట్టిన సాధ్వి ఆమె. ఆ ధనము, ఆ కుటుంబపు భవిష్యత్తు, పదునైదేండ్లకు పైబడిన కష్టము, అన్నియు ఆ అమ్ముడుపోని బండిలో ఇమిడియుండెను.

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున ఒకనాటి వేకువను బెర్తా తన భర్తకు తెలియకుండ ఆ బండిని బయటికి తీసెను. వెంట ఇద్దరు కుమారులు. పెద్దవాడు యూజెనుకు 15 ఏండ్లు, చిన్నవాడు రిచర్డుకు 13 ఏండ్లు. ఆమె పుట్టినిల్లు ఫోర్ట్స్‌హైము. నూరు కిలోమీటర్లకు మించిన దారి. అంతకు పూర్వము ఏ మోటారుబండియు అంత దూరము పోయి యుండలేదు. దారిలో బండి చెడి, గుఱ్ఱములచే ఈడ్పించుకొని ఇంటికి రావలసివచ్చినచో, నమ్మనివారి మాటయే నిజమయ్యెడిది. అందువలన ఆ ప్రయాణమున ప్రతి చిన్న దోషమునకును పెద్ద విలువ ఉండెను.

ఆ కాలమున పెట్రోలు బంకులు లేవు. బట్టలపై మరకలు తీయుటకు వాడెడి లిగ్రోయిను అను తేలిక తైలమే ఆ బండికి ఇంధనము. అది మందుల అంగడిలో దొరకెడిది. వీస్లోఖు అను ఊరిలోని మందుల అంగడిలో బెర్తా దానిని కొనెను. కొంతదూరము పోవునప్పటికి ఇంధనపు గొట్టము మూసికొనిపోయి బండి ఆగెను. ఆనాటి స్త్రీలు తలపై టోపీ నిలుచుటకై పొడవైన సూదిని గ్రుచ్చుకొనెడివారు. బెర్తా ఆ సూదిని తీసి గొట్టమును పొడిచి శుభ్రపరచెను. బండి కదలెను. మరియొకచోట నిప్పురవ్వ తీగపై పొర చెడగా, మేజోడు కట్టుకొను పట్టీని దానికి చుట్టెను. బ్రేకు కొయ్యలు అరిగిపోగా దారిలోని చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. ఎత్తులవద్ద బండిని నెట్టవలసివచ్చెను. చీకటి పడువేళకు ముగ్గురును పుట్టిల్లు చేరి, భర్తకు తంతి పంపిరి.

ఈ కథను చెప్పువారు సూదిని గూర్చి చెప్పి నవ్వుదురు. నాకు మాత్రము అందు సూదికంటె ముఖ్యమైనది వేరొకటి కనబడుచున్నది. ఆ దినమున బండి ఒకమారు ఇంధనదోషముచేతను, మరియొకమారు విద్యుద్దోషముచేతను చెడినది. ఏది ఏ దోషమో తెలియకున్నచో సూదిని తీగకును, పట్టీని గొట్టమునకును వాడియుండెడిది! భర్త ప్రయోగములను ఏండ్లతరబడి దగ్గరనుండి చూచినది గావున బండిలోని బాట ఆమెకు తెలియును. మరమ్మతు చేసినది సూది కాదు, ఆ తెలివి. ఆమె 95 ఏండ్లు జీవించి 1944లో గతించెను.

బెంజు బండిలో బాట సులువు. ఇంధనము ఒక పాత్రలో నిలిచియుండ, గాలి దానిపైనుండి పోవుచు ఆవిరిని తీసికొనిపోయెడిది. ఈ పద్ధతిలో ఆవిరి ఒకసారి ఎక్కువగను ఒకసారి తక్కువగను వచ్చుచుండెడిది. 1893 ప్రాంతమున జర్మనీలో విల్‌హెల్ము మైబాఖు, హంగరీలో బాంకి, చొంకా అను ఇరువురు శిల్పులు, సన్నని రంధ్రమునుండి ఇంధనమును చిమ్మెడి కార్బురేటరును రూపొందించిరి. ఆ రంధ్రమునకే జెట్టు అని పేరు. జెట్టు ప్రక్కన చిన్న తొట్టి, తొట్టిలో తేలెడి బుడ్డి, బుడ్డికి సూదిమొన. ఇంధనము నిండినకొలది బుడ్డి పైకి లేచి సూదిమొనతో దారిని మూయును. తగ్గినకొలది దిగి దారి విడుచును. మడిలో నీరు నిండగానే తనంతట మూసికొనెడి తూము వంటిది అది.

ఈ క్రొత్తయంత్రము గొప్ప మేలు చేసినది. కాని ప్రతి మేలును తనతో ఒక క్రొత్త జబ్బును తెచ్చును. గొట్టము మూసికొనుటకు పూర్వము గుప్పెడు చెత్త కావలెను. జెట్టు మూసికొనుటకు ఒక ఇసుకరేణువు చాలును. అదే రేణువు సూదిమొన క్రింద చిక్కినచో తొట్టి పొంగి పెట్రోలు నేలపాలగును. కావున బండ్లు చేయువారు బాటలో జల్లెడలను, మడ్డి నిలుచు చిన్న గిన్నెలను అమర్చిరి. మురికి, నీరు పెట్రోలుకంటె బరువైనవి గావున గిన్నె అడుగున చేరును. గిన్నెను విప్పి కడిగిన చాలును. అప్పటి వాహనములతో ఇచ్చెడి పుస్తకములలో గిన్నె కడుగుట, జెట్టు ఊదుట డ్రైవరు స్వయముగ చేసికొనవలసిన పనులుగనే చెప్పబడెను.

అమెరికాలో 1908 మొదలు 1927 వరకు కోటి ఏబది లక్షలకు మించి తయారైన ఫోర్డు 'టి' బండిలో ఇంధనపు పంపే లేదు. ట్యాంకు సాధారణముగ సీటు క్రిందనుండెను. ఎత్తునుండి పల్లమునకు నీరు పారినట్లు పెట్రోలు తన బరువుతోనే కార్బురేటరునకు దిగెడిది. ట్యాంకులో పెట్రోలు తక్కువగ ఉండి, దారి నిట్టనిలువు ఎత్తు అయినప్పుడు, బండి ముందుభాగము పైకిలేచి కార్బురేటరు ట్యాంకుకంటె ఎత్తగును. పెట్రోలు దిగదు, యంత్రము ఆగును. అప్పుడు డ్రైవర్లు బండిని త్రిప్పి వెనుకకు నడుపుచు కొండనెక్కిరి! చూచువారికి ఇది పిచ్చిపనిగ తోచును. పల్లమెరిగిన రైతునకు మాత్రము అందలి కిటుకు వెంటనే తెలియును.

తరువాత ట్యాంకును భద్రతకై బండి వెనుకకు, క్రిందికి మార్చిరి. ఇక పెట్రోలు తనంతట పారదు, పైకి పీల్చవలెను. ఇందుకై పలుచని పొర ఆడెడి పంపులు వచ్చెను. పీల్చుట వచ్చినతోడనే రెండవ శత్రువు ప్రవేశించెను. అది గాలి. పీల్చెడి గొట్టమునకు ఎచ్చటనైన సన్నని బీట పడినచో పెట్రోలు బయటికి కారదు, గాలి లోనికి పోవును. పగిలిన గడ్డితో పానకము పీల్చిన పసివానికి గాలియే నోటికి వచ్చినట్లు, పంపునకు గాలియే దక్కును. తడి కనబడని దోషము గావున దీనిని కనుగొనుట కష్టము.

మూడవ శత్రువు వేడి. ఎండకాలమున యంత్రపు వేడికి గొట్టములోని పెట్రోలు ఆవిరిబుడగయై దారినాపును. మన ప్రాంతములలో మేనెల ఎండలో డ్రైవరు బండిని చెట్టునీడకు చేర్చి, పంపునకు తడిగుడ్డ చుట్టి, కొంతసేపు ఆగి, మరల నడుపుట నేను చూచితిని. అది మంత్రము కాదు. ఆవిరి చల్లబడి మరల ద్రవమగుటయే.

మన తెలుగునాట ఈ విద్యకు కఠినపరీక్ష రెండవ ప్రపంచయుద్ధ కాలమున కలిగెను. 1932లో నిజాము రాజ్యపు రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. కోస్తా జిల్లాలలో సొంత బస్సులవారు అంతకుముందే తిరుగుచుండిరి. యుద్ధము వచ్చుటతో పెట్రోలు కరవాయెను. ప్రభుత్వము రేషను పెట్టెను. అప్పుడు బస్సుల వెనుక పెద్ద పీపావంటి కొలిమి తగిలించి, అందులో కట్టెబొగ్గు కాల్చి, దానినుండి వచ్చెడి గ్యాసుతో బస్సులను నడిపిరి. మీలో మిక్కిలి వృద్ధులైనవారు ఆ బొగ్గుబస్సులను ఎరిగియుందురు. తక్కినవారు తండ్రుల నోట వినియుందురు.

బొగ్గును చాలినంత గాలి ఇయ్యక కాల్చినచో మండెడి వాయువు పుట్టును. దానిని చల్లార్చి, వడకట్టి, యంత్రమునకు ఇయ్యవలెను. డ్రైవరును, క్లీనరును బస్సు బయలుదేరుటకు చాల ముందుగనే లేచి, కొలిమి రాజవేసి, చేతితో విసనకఱ్ఱయంత్రమును త్రిప్పి, గ్యాసు పట్టించెడివారు. బూడిద, మసి, తారు గొట్టములలోను వడపోతలలోను పేరుకొనెడివి. వానిని తఱచుగ విప్పి శుభ్రపరచనిచో బస్సు దారిలో నిలిచెడిది. క్లీనరు అను పదమునకు ఆ దినములలో పూర్తి అర్థముండెను. పెట్రోలుతో ఉండెడి బలము ఆ గ్యాసుతో లేకుండుటచే ఎత్తులవద్ద ప్రయాణికులు దిగి నెట్టెడివారు. పైగా ఆ గ్యాసు విషవాయువు. మూసిన షెడ్డులో పీల్చిన ప్రాణము తీయును. అయినను సంతకు సరకులు, ఆసుపత్రికి రోగులు, బడికి ఉపాధ్యాయులు చేరుటకు ఆ బస్సులే ఆధారము. వానిని నడిపించినది ఏ దూరదేశపు నిపుణుడో కాడు; బాటను ఎరిగి ప్రతిదినము చేయిపెట్టిన మన డ్రైవర్లు, క్లీనర్లు.

ఇక డీజిలు. రుడాల్ఫు డీజిలు తన మొదటి యంత్రమును 1893లో ఔగ్స్‌బర్గు పట్టణమున పరీక్షించెను. 1897 నాటికి అది సఫలమాయెను. 1927లో బాషు సంస్థ డీజిలును గొప్ప ఒత్తిడితో చిమ్మెడి పంపులను విరివిగ తయారుచేయ మొదలిడిన పిదప ఆ యంత్రము లారీలకు, ట్రాక్టర్లకు సులభముగ చేరెను. ఈ పంపునకు గాలి పరమశత్రువు. నూనె నొక్కిన నలగదు. గాలి నొక్కిన నలగును. గొట్టములో గాలిబుడగ ఉన్నచో పంపు ఒత్తిడియంతయు ఆ బుడగను నలుపుటకే ఖర్చగును, ఇంజెక్టరు తెరచుకొనదు. మెకానిక్కులు దీనిని 'ఎయిరు పట్టినది' అందురు. ట్యాంకు పూర్తిగ ఎండువరకు నడుపుట, వడపోతను మార్చుట, వాషరు చెడుట, మరలు వదులగుట దీనికి ముఖ్యకారణములు.

పాత ట్రాక్టరునకు ఎయిరు తీయు విధమును క్రమముగ చెప్పెదను. మొదట ట్యాంకులో డీజిలు చాలినంత ఉన్నదో, కుళాయి తెరచియున్నదో చూడవలెను. వడపోత గిన్నె చుట్టును తుడిచి, దాని పైనున్న గాలి తీయు స్క్రూను పానాతో కొంచెము వదులు చేయవలెను. పిదప చేతిపంపును ఆడించినచో నురుగుతో కూడిన డీజిలు వచ్చును. నురుగు పోయి తేటనూనె ధారగ వచ్చువరకు ఆడించి, ధార వచ్చుచుండగనే స్క్రూను బిగింపవలెను. ధార ఆగిన పిదప బిగించిన గాలి మరల చొరబడును. రెండవది, పెద్దపంపుపై ఉన్న స్క్రూవద్ద ఇటులే చేయవలెను. బండి అప్పటికిని కదలనిచో, ఇంజెక్టర్లవద్ద గొట్టపు నట్టులను కొంచెము వదలి, యంత్రమును త్రిప్పించి, నూనె కనబడగానే బిగింపవలెను. ట్యాంకువైపునుండి యంత్రమువైపునకే పోవలెను. మధ్యలో మొదలిడినవాడు పై గాలిని క్రిందికి తెచ్చుకొనును. నడుచుచున్న యంత్రముపై ఆ గొట్టముల దరికి చేయి పోనీయరాదు. ఆ ఒత్తిడికి వచ్చెడి సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్టి గాయము చిన్నదిగ కనబడినను వెంటనే వైద్యునివద్దకు పోవలెను.

పాత పెట్రోలు బండికి క్రమమిది. ట్యాంకు మూతకు గాలి పోవుటకై చిన్న రంధ్రముండును. మట్టితో అది పూడినచో లోపల పెట్రోలు ఉన్నను దిగదు. మూత విప్పగనే సుస్సుమని గాలి లోనికి పోయినచో దోషము అచ్చటనే. అది సరిగనున్నచో కుళాయి, ఆపైని మడ్డిగిన్నె, ఆపైని గొట్టము చూడవలెను. గొట్టమును కార్బురేటరువద్ద విప్పి, పెట్రోలు వచ్చుచున్నదేమో ఒక సీసాలో పట్టి చూడవలెను. రానిచో దోషము వెనుకనున్నది, వచ్చుచున్నచో ముందున్నది. ఈ ఒక్క పరీక్షతో పని సగమగును. జెట్టును విప్పినచో గాలితో ఊదవలెనేగాని ఇనుపతీగతో పొడువరాదు. అది మెత్తని ఇత్తడి. రంధ్రము పెద్దదైనచో పెట్రోలు ఖర్చు పెరుగును. బెర్తా సూది గొట్టమునకు తగినది, జెట్టునకు తగదు.

మరికొన్ని నిషేధములు చెప్పవలెను. యంత్రము చల్లారక, బ్యాటరీ తీగ విప్పక, పెట్రోలు గొట్టమును ముట్టరాదు. దరిని బీడీ, దీపము ఉండరాదు. నోటితో గొట్టమును పీల్చరాదు. ఊపిరితిత్తులలోనికి పోయిన కొలదిపాటి పెట్రోలైనను ప్రాణాపాయము. బండి కదలుటలేదని కార్బురేటరు నోట పెట్రోలు పోయుచు స్టార్టు చేయుట వలన మంటలు లేచును. 2023 నుండి మన దేశమున నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు లభింప మొదలిడెను. పాతబండ్లలోని కొన్ని రకముల రబ్బరు దానికి తాళలేదు. కావున రబ్బరు గొట్టములను అప్పుడప్పుడు వంచి చూచి, బీటలున్నచో మార్చవలెను.

ఈ పనులన్నియు పాతబండ్లకే. 2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన బి.ఎస్.-6 నియమములు వచ్చిన పిదప క్రొత్త మోటారుసైకిళ్ళలోను కార్బురేటరు దాదాపు కనుమరుగాయెను. క్రొత్త డీజిలు బండ్లలో ఒత్తిడి మిక్కిలి ఎక్కువ. వాని గొట్టములను ఇంటివద్ద విప్పుట ప్రమాదము. పాతబండిలో కూడ పెద్దపంపు లోపలిభాగములను విప్పుట మెకానిక్కు పనియే.

అయినను పాత ట్రాక్టర్లు మన పొలములలో ఇంకను దున్నుచున్నవి. కారుమబ్బు కమ్మిన వేళ, దమ్ము సగములో ట్రాక్టరు ఆగినచో, మెకానిక్కు పట్టణమునుండి వచ్చులోపల అదను తప్పును. దోషము తెలియనివాడు ఒక్క నలుసునకు బదులు పంపును, ఇంజెక్టరులను మార్పించి వేల రూపాయలు పోగొట్టుకొనును. మీరు కాలువగట్టుపై నేర్చిన తెలివి ఇచ్చట పనికివచ్చును. ట్రాక్టరు నడుపు మీ మనుమలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ట్యాంకునుండి యంత్రమువరకు ఇంధనపు బాటను వారిచే వ్రేలితో చూపించుడు. ఎచ్చట జల్లెడ, ఎచ్చట గిన్నె, ఎచ్చట స్క్రూ అని వారిచే చెప్పించుడు. బండి బాగుగ నడుచుచున్న దినముననే ఇది చేయుట మేలు.